చెవిరాయి

చేప తలలో రెండు రాళ్లుంటాయి,
బియ్యపు గింజకన్నా కాస్త పెద్దవి.
నాకు జీతమిచ్చేది వాటిని చదివినందుకే.

తల చీల్చి, రాయి తీసి, గోటితో మధ్యకి విరిచి
స్పిరిట్ దీపం మంటకు ఒక్క క్షణం చూపిస్తాను.
గోధుమరంగు గీతలు లేస్తాయి,
మానిటోబా చలికాలానికొక్కటి చొప్పున.
చేప అబద్ధం చెప్పదు.
పట్టినవాడి సంగతి వేరు.

పదకొండేళ్ల కిందట స్వాన్‌వాటర్ సరస్సును మూసేశారు.
మూయడమంటే ఏముంది,
రేవులో ఒక పసుపు బోర్డు, దానికి నాలుగు మేకులు.
ఆ ఏడు నా బల్లమీదికొచ్చిన పికరెల్ తలలన్నీ
మూడు గీతలవి, నాలుగు గీతలవి.
బడినిండా పిల్లలే ఉండి
ఊరంతా వెతికినా ఒక్క పంతులు దొరకనట్టు.

"నీ చిన్న దీపంతో నా కొంప అంటించావు"
అన్నాడు ట్రిగ్వీ, అందరూ వింటుండగా.
పడవ అమ్మేశాడు.
వల పెరట్లో బఠానీ తీగలకు పందిరైంది.
ఆయన భార్య ఓలవ్ అప్పట్నించీ నేనెదురైతే
గాలీ వానా తప్ప మరో మాటెత్తేది కాదు.

డెల్ఫీన్ కీపర్‌కు నిషేధం లేదు.
వాళ్ల ముత్తాతలు వేలిముద్ర వేసిన కాగితంలో
కూటికి చాలినంత చేప ఆమెదే.
కాఫీకొట్టులో దానిమీద గొణుగుళ్లు.
కానీ మంచు విరిగిన మే నెలలో, ఎవరూ చూడనప్పుడు,
ఆమె తన వల తనే తీసి కంచెమీద ఆరేసింది.
ఎందుకని అడిగాను.
గులకరాళ్ల వాగులో ఈదే వీపులవైపు గడ్డం చూపి
"చుట్టాలొచ్చారు" అంది.

తర్వాత ఏమైందంటారా?
చాలాకాలం ఏమీ కాలేదు.
మొదటి వసంతం గుడ్లు చలికి చచ్చాయి,
రెండో వసంతం గాలివాన వాటిని ఒడ్డుకు ఈడ్చింది.
మూడోసారి నీళ్లు మెల్లగా, ఓపిగ్గా వెచ్చబడ్డాయి.
ఆ ఒక్క ఏటి పిల్లలే సరస్సంతా నిండాయి.
నిండి, తర్వాత పుట్టిన తమ్ముళ్లను మింగాయి.
అయినా చాలక చిక్కిపోయాయి;
గీతకూ గీతకూ మధ్య వెంట్రుకంత సందు.
మూసిన తలుపు వెనక కూడా ఆకలుంటుంది.
దీన్ని నేను నివేదికలో
పట్టిక ఏడు అని రాశాను.

ఈ జూన్‌లో బోర్డు మార్చారు.
మనిషికి రెండు చేపలు.
జానెడున్నరకు తక్కువైతే వదిలెయ్యాలి, ఇంకా పసివి.
మూరెడు దాటినా వదిలెయ్యాలి, అవి తల్లులు.
ఎండాకాలం లోతులోంచి లాగిన తల్లిని వదిలితే
ఒక్కోసారి తెల్లపొట్ట పైకి తేలి అక్కడక్కడే తిరుగుతుంది.
ముట్టుకోకూడదు, చట్టం.
నీటికాకులు చట్టం చదవలేదు.
ఆ చచ్చినవాటినీ అంచనా కట్టి
ఊరి వాటాలోంచే కోస్తాం.

నిన్న ట్రిగ్వీ వచ్చాడు, మేనల్లుడి పడవలో పట్టిన
చేప తలను రొట్టె సంచిలో చుట్టుకుని.
ఇప్పుడాయనకు ఎడమచెవి వినపడదు.
రాయి విరిచి, కాల్చి, సూక్ష్మదర్శిని కింద పెట్టి
కుర్చీ ఆయనకిచ్చాను.
చాలాసేపు ఊపిరి బిగబట్టి చూశాడు.
"నేను పడవ అమ్మిన ఏడు ఏది?"
"ఇందులో లేదు. ఎనిమిదే గీతలు. అప్పటికిది పుట్టలేదు."
వినపడలేదేమో అనుకుని కుడిచెవి దగ్గర మళ్లీ చెప్పాను.
"విన్నాను" అన్నాడు.
"మరి ఇక్కడెందుకు ఇంత ఇరుకు?"
"ఆ ఏళ్లలో తిండి తక్కువ."
"మాకూ" అన్నాడు.

ఫారం తీసి పొడవెంతని అడిగాను.
"మూరెడు. సరిగ్గా మూరెడు."
కిటికీలోంచి రేవువైపు చూస్తున్నాడు.
బల్లమీది తల నావైపు చూస్తోంది.
ఇన్నేళ్లుగా తలలు కోస్తున్నదాన్ని,
ఆ దవడ వెడల్పు చూస్తే తెలియదా,
రెండు వేళ్లు ఎక్కువే.

పెన్సిల్ చెక్కుకున్నాను.
ముల్లు బాగానే ఉంది,
అయినా ఇంకోసారి చెక్కుకున్నాను.