రేవు కాపు

శనివారం, ఆరుంబావు.
కొలంబియా నది ఇంకా కళ్ళు తెరవలేదు.
గేటు తాళంచెవి నా దగ్గరుంది,
తుప్పుకు పోసే నూనెడబ్బా వెండెల్ దగ్గర,
వెండెల్ ఇంకా మంచం మీద.

పెద్ద సంఘమేమీ కాదు మాది.
పదకొండుమందిమి, ఒక పాత ట్రెయిలరు, మూడు పారలు,
బ్యాంకులో నాలుగువందల పన్నెండు డాలర్లు.
స్కూలు బస్సులు బాగుచేసే చేతులతోనే
జమాఖర్చులు రాస్తాను.
పుస్తకం నిండా గ్రీజు వేలిముద్రలు.

మొదట వంగి పల్లేరు మొక్కలు పీకుతాం.
ఉత్తకాళ్ళతో నీళ్ళలోకి దిగేవాళ్ళకి
నదికన్నా ముందు ఒడ్డే గుచ్చుకుంటుంది.
ఊరు ఈ రేవును గాలికి వదిలేసింది.
గాలి తెచ్చి మాకు అప్పజెప్పింది.

రోడ్డుకీ నీటికీ మధ్య రైలు పట్టాలు.
"దాటడం ప్రమాదం, కంచె వేస్తాం" అని
కంపెనీ ఉత్తరం రాసింది.
అబద్ధం కాదది. అదే వచ్చిన చిక్కు.
నెత్తిన తెరచాప, చెవుల్లో గాలి హోరు,
వెనక గోధుమల బండి కూత వినపడక
పట్టాల మధ్య నిలబడిపోయిన కుర్రాణ్ణి
నా కళ్ళతో నేనే చూశాను.
కంచె వద్దని అరవలేదు మేము.
కింద నుంచి దారి అడిగాం.
ఆరు మీటింగులు, రెండు చలికాలాలు,
చివరికి మనిషి వంగి నడిచేంత సొరంగం.
వంగడం మాకు కొత్తేం కాదు.

ఆ ఏడే టోవా తెడ్డుకర్ర విరిగినట్టు
స్తంభం పుటుక్కున విరిగి
సరిగ్గా బార్జి దారిలో పడింది. పదిహేనేళ్ళ పిల్ల.
తరవాతి మీటింగుకి పిలవకుండానే వచ్చాడు
ఆ బార్జి నడిపిన ఆర్విల్ హాగ్‌స్ట్రమ్.
టోపీ తీసి, సుద్దముక్క అడిగి,
బోర్డు మీద పొడుగ్గా ఒక ఖాళీ గీశాడు.
"ఇక్కడ మీరుంటే నాకు కనపడరు.
కనపడ్డా ఆగడానికి మైలు కావాలి.
ఆ రోజు ఆ పిల్ల ఈదింది, నేనేమీ చెయ్యలేదు."
సుద్ద అతని వేళ్ళలో పొడైంది.
పదకొండోవాడు అతనే.

ఇంత చేశాక కాస్త గర్వపడ్డాం, నిజం.
"రేవు రక్షకులు" అని పలక రాయించాం,
నీలం అక్షరాలు, కింద ఒక కెరటం బొమ్మ.
దాని ముందు పడవ ఆపింది ఎల్‌ఫ్రీడా,
వలలో ఇరుక్కున్న తెరచాప ముక్క చేత్తో పట్టుకుని.
"మా అమ్మమ్మ వల ఇక్కడే కట్టేది,
ఆనకట్ట లేనప్పుడు, ఈ పట్టాలు లేనప్పుడు.
ఒప్పందం కాగితం మా ఇంట్లో ఉంది.
రక్షిస్తున్నారు సరే,
ఎవరి రేవు?"

మినిట్స్‌లో ఆ ప్రశ్న రాసుకున్నాను.
ఎదురుగా జవాబుకి వదిలిన గడి ఇంకా ఖాళీ.
పలక మాత్రం దించేశాం.
తూర్పు వంపు వదిలేశాం,
వలల కాలంలో నారింజ బెండ్లు దాటి ఎవరూ పోకూడదని
కుర్రాళ్ళకి ముందు అదే నేర్పుతున్నాం,
నిలబడ్డం తరవాత.

పదిన్నరకి పడమటి గాలి లేచింది.
ప్రవాహం అటు, గాలి ఇటు,
మధ్యలో నది ఒళ్ళంతా జలదరించి తెల్లబడింది.
నా భుజం పాడై నాలుగేళ్ళు. ఇప్పుడు లెక్కపెట్టడమే నా పని.
ఇరవైమూడు తెరచాపలు వెళ్ళాయి.
మూడింటికి ఇరవైరెండు తిరిగొచ్చాయి.

మళ్ళీ లెక్కపెట్టాను.
ఆర్విల్ దూరదర్శిని తీశాడు, ఏమీ మాట్లాడలేదు.
నోట్లో తడి ఆరిపోయింది.

అప్పుడు తూర్పు వంపు నుంచి
నింపాదిగా మోటారు చప్పుడు.
ఎల్‌ఫ్రీడా పడవ. అందులో మడిచిన తెరచాప,
దాని మీద మూడు సాల్మన్లు,
పక్కన చేప కంటె దీనంగా
తల వంచుకుని వెండెల్.

"మీ వస్తువేనా ఇది?" అందామె.
మాదేనన్నాను.
నూనెడబ్బా ఏదంటే
ఇంట్లో మర్చిపోయాడట.