ఎనిమిది ఇళ్ళు, తొమ్మిది గోడలు

టేపు ఆ చివర ధర్మలింగం పట్టుకున్నాడు,
ఈ చివర నేను.
ధవళేశ్వరంలో కాలవ గట్టు వెంట లాకు లైను.
ఎంత ఉందో రాసుకు రమ్మన్నారు,
ఏముందో రాయమనలేదు.

వీధిలోంచి చూస్తే ఒకటే ఇల్లు.
ఎనిమిది గుమ్మాలు, పదహారు కిటికీలు,
ప్రతి గుమ్మం నెత్తినా
విసనకర్ర విప్పినట్టు గాజు కమాను.
పైన, పిట్టగోడ కింద, ఒకటే గచ్చు అంచు,
ఎవరో దొర బద్ద పెట్టి గీసిన గీత.

పెరట్లోంచి చూస్తే ఎనిమిది ఊళ్ళు.
ఒకరిది తాటాకు వంటపాక,
ఒకరు కోళ్ళగూడు మీద నీళ్ళ ట్యాంకు ఎత్తారు,
ఏడో నంబరు వాళ్ళు సొరపాదుని పైకి పంపి
దాన్నే ఒక గది అంటున్నారు.
నక్షా వీధివైపుకే గీసినట్టున్నాడు మహానుభావుడు.
ఇటువైపు కాపురాలు గీసుకున్నాయి.

నక్షాలో ఉంది గనక ఇంటికో పొగగొట్టం,
ముందుగదిలో చలి కాచుకునే గూడు.
చలి! ధవళేశ్వరంలో!
కట్టిన మేస్త్రీ నవ్వుకునే ఉంటాడు,
నవ్వుకుంటూనే తూకం తప్పకుండా కట్టాడు.
"పొగే ఎరగదండి బాబూ ఆ గొట్టం"
అంది మూడో ఇంటి కరీమున్నీసా.
ఆవిడ గూట్లో బియ్యం డబ్బా.
పక్కింటి మరియరత్నం టీచరు గూట్లో సిలువ, రెండు కొవ్వొత్తులు.
ఆరో ఇంట్లో కుట్టుమిషను
కొలిచి కట్టించినట్టు అందులోనే ఇమిడిపోయింది.
పొద్దుగూకితే మాత్రం
ఎనిమిది గొట్టాల్లోంచీ ఒక్కసారే లేస్తుంది పొగ,
నల్లగా,
కీచుమంటూ, రెక్కలతో.

తాడు లాగితే పైకి లేచే కిటికీలట ఒకప్పుడు.
చట్రాల వెనక తొర్రల్లో ఉండాల్సిన ఇనపగుండ్లు లేవు.
"ఏవోయ్ ధర్మలింగం, అయిదో నంబరు మీదేగా, గుండ్లేవి?"
"మా తాత వలకి కట్టేసేడండి.
వల బ్రహ్మాండంగా మునిగేదంట."
కిటికీలకి ఇప్పుడు కర్ర పోటు.

నడుమెత్తున ఇంకో గీత ఉంది.
ఎనభై ఆరు వరద.
ఎనిమిది ఇళ్ళకీ ఒకటే మట్టిరంగు,
ఎన్ని సున్నాలు వేసినా పైకి తేలుతుంది.
పని లేకపోయినా పై గీతకీ కింది గీతకీ మధ్య కొలిచాను.
ఈ చివర పదకొండడుగుల రెండంగుళాలు,
ఆ చివర పదకొండే.
మళ్ళీ కొలిచాను.
బద్ద పెట్టి గీసిందే కాలవ వైపు కుంగింది.
ఏ బద్దా లేని గోదారి
సరిగ్గా గీసి వెళ్ళింది.

కాగితం ప్రకారం శిథిలం నాలుగో నంబరు ఒక్కటే.
దాన్ని మాత్రం తీసెయ్యాలి,
అటూ ఇటూ కదలకుండా.
తాళం తీసి లోపలికెళ్ళి
మూడో ఇంటి వైపు గోడకి అరచెయ్యి ఆనించాను.
పద్దెనిమిదంగుళాల ఇటుక,
కరక్కాయ నీళ్ళూ బెల్లమూ పోసి తొక్కిన గానుగ సున్నం.
చీమలు ఇంకా ఆ బెల్లం కోసం బారు కట్టి వెతుకుతున్నాయి.
గోడవతల కరీమున్నీసా ఏదో దంచుతోంది,
నా చేతిలో దంచుతోంది.
ఇటువైపు పొడుచుకొచ్చిన ఈ మేకు
ఆవిడ గోడ గడియారానిది కాబోలు.

ఈ గోడ ఎవరి పద్దులో రాయాలి?
ఇంటికి రెండు చొప్పున పదహారు రాస్తే లెక్క కుదురుతుంది,
బిల్లూ అవుతుంది.
ఎన్నిసార్లు నడిచినా ఉన్నవి తొమ్మిదే.
తీసివేతల గడి ముందు
పెన్ను మూత పెట్టేశాను.

"చుట్టెయ్యనాండి?" అన్నాడు ధర్మలింగం, వదిలేశాడు.
టేపు గుమ్మం గుమ్మం తగులుకుంటూ
నా వైపు పాక్కుంటూ వస్తోంది.
నాలుగో గుమ్మం ముందు ఆగిపోయింది.
తల ఎత్తి చూస్తే
కరీమున్నీసా మనవడు, మొలతాడు మాత్రమే బట్ట,
దాన్ని రెండు కాళ్ళతో తొక్కి నిలబడ్డాడు.
వదలరా అంటే
నవ్వుతాడు.