212, ఎడమ కన్ను

సొహార్ రేవు పక్క లేబర్ క్యాంపులో, ఏసీ వ్యాను లోపల
గడ్డం ఆనించి కూర్చున్నాడు ఓదెలు.
"రెప్ప కొట్టకు" అంది జువైనా అరబ్బీలో.
నేను తెలుగులో చెప్పేలోపే కొట్టేశాడు.
రెండోసారి సరిగ్గా వచ్చింది ఫొటో.

నారింజ రంగు గుండ్రం.
పొద్దు పొడిచే వేళ సముద్రం మీది సూర్యుడని ఎవరైనా అంటారు.
నేననను. నాకది పదిహేను లక్షల చుక్కల పట్టిక,
చుక్కకు మూడంకెలు.

ఎరుపును తీసేస్తాను, అదెప్పుడూ అరుపే.
నీలానిది గొణుగుడు, అర్థం కాదు.
ఆకుపచ్చ పొర ఒక్కటే ఉంచుతాను:
నెత్తురు నల్లగా, దారాలు దారాలుగా తేలుతుంది.

ముందు నరం మొదలు దొరకాలి.
అక్కణ్ణుంచి కొలిస్తేనే మిగతావన్నీ.
"అన్నిటికన్నా తెల్లగా మెరిసేదే అది" అని
పోయిన వేసవిలో నేనే రాశాను ఆ నియమం.
రెండొందల పదకొండు కళ్లు ఔనన్నాయి.

ఓదెలు కన్ను కాదంది.
నా వలయం వెళ్లి వెళ్లి
ఒక పసుపు మరక మీద కూర్చుంది,
కొవ్వు ఊరి గడ్డకట్టిన చోట.
నరం కంటే అదే ధగధగలాడుతోంది.
పన్నెండేళ్ల కరక్ చాయ్, ఎవరూ కొలవని చక్కెర.

తెర మీదికి వంగి చూశాడు.
"మేము పైపు అతికినంక గిట్లనే ఫిల్ము తీస్తరు మేడం.
మచ్చ కనబడ్డదంటే జాయింటు ఫెయిలు.
కోసి మల్ల అతుకుమంటరు.
దీన్ని గూడ కోస్తరా?"

కొయ్యరు, కాలుస్తారు అన్నాను.
లేజరుతో, చుక్కలు చుక్కలుగా.
"స్పాట్ వెల్డింగన్నట్టు!"
నవ్వాడు. తర్వాత నవ్వలేదు.
"కంపెనీకి చెప్తరా?"

జువైనా నావైపు చూసింది. ఆమెకు తెలుగు రాదు.
ఆ ప్రశ్నను మాత్రం ఏ భాషలో అడిగినా పోల్చుకుంటుంది.

రాత్రి గదిలో ఆ నియమం చెరిపేశాను.
వెలుగును నమ్మొద్దు, నాళాలను అడుగు అని రాశాను.
ఎటు వంగినా, ఎన్ని కొమ్మలేసినా
వెనక్కి నడిస్తే అన్నీ ఒక్క గడప దగ్గరే కలుస్తాయి.
నడిపించాను.
ముక్కువైపు, కొంచెం పైన,
మసకగా, మర్యాదగా ఉంది అసలైనది.

చిత్రమేమిటంటే
చూపంతా మూటగట్టి మెదడుకు పంపే ఆ చోటికి
చూపు లేదు.

దాన్నుంచి రెండున్నర వలయాల దూరంలో,
చెవివైపు, చిన్న చీకటి గుంట.
అక్షరం చదివేది, నిప్పురవ్వల మధ్య
అతుకు గీతను పట్టేది అదే.
పసుపు మరక దాని గట్టుకు
ఇంకా పద్దెనిమిది చుక్కల దూరంలో ఉంది.

పద్దెనిమిది.
రిపోర్టులో ఆ అంకెకు గడి లేదు.
అంచున ఖాళీలో రాసి, "త్వరగా" అని కింద గీత కొట్టాను.
కంపెనీ కాపీ అన్న గడిలో
పెన్ను కాసేపు ఆగింది.

213 తెరుచుకుంటోంది.
ఇంకెవరిదో కుడి కన్ను.