నాలుగో వరుస

డెర్బీలో మా ఆఫీసు కిటికీ బస్ స్టాండు వైపుంటుంది.
వాన పడుతూనే ఉంటుంది, పట్టించుకోను.
ఇరవై మూడు నిమిషాల వీడియోని
సెకనులో ఇరవై అయిదో వంతు చొప్పున
తరిగి పెట్టడం నా ఉద్యోగం.

మొదటి వరుసలో డాక్టరు గొంతు.
రెండో వరుసలో దుబాసీ చేతులు.
మూడో వరుసలో వినిఫ్రెడ్ ఆల్సప్,
డెబ్బై ఒకటి, ముప్ఫై ఏళ్లు పింగాణీ కప్పుల అంచులకు
బంగారు గీత గీసిన మనిషి. చెయ్యి ఇప్పటికీ వణకదు.
నాలుగో వరుస ఖాళీ.
దానికేం పేరు పెట్టాలో మాలో ఎవరికీ తోచలేదు.

దుబాసీ గదిలో లేదు.
చక్రాల స్టాండు మీద ట్యాబ్లెట్‌లో ఉంది,
నల్ల చొక్కా, పేరు నెరిస్, ఊరు స్వాన్సీ.
డాక్టరు "ఆమెకు చెప్పండి" అన్నది ముప్ఫై నాలుగు సార్లు.
"మీకు" అన్నది రెండే సార్లు,
అందులో ఒకటి ట్యాబ్లెట్‌తో.

పదకొండో నిమిషం.
"స్కాన్‌లో చిన్న నీడ కనిపిస్తోంది, అది"
అని ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు.
నెరిస్ చేతులు లేచాయి,
లేచినవి లేచినట్టే ఆగిపోయాయి.
నెట్ పోయింది.
బొమ్మ బిగుసుకుంది, నోరు సగం తెరిచి,
వేళ్లు గాలిలో.
ఆయన చెబుతూనే ఉన్నాడు.
తొమ్మిది సెకన్లు.
మొదటి వరుస నిండా మాటలు,
రెండో వరుసలో
సున్నం కొట్టిన గోడ.
మూడో వరుసలో వినిఫ్రెడ్ తల ఊపింది.
నేను "అర్థమైంది" అని కోడ్ వేసి
టీ పెట్టుకోవడానికి లేచాను.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం మనం.
ఆ సామెత ఎవరు కట్టారో గానీ
ఊదినవాడే కట్టుంటాడు.
ముందు కూర్చున్నవాణ్ణి అడిగితే
వేరేలా ఉండేది.

గురువారం బధిరుల క్లబ్బుకు లాప్‌టాప్ పట్టుకెళ్లాను.
ఎవరో లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించారు,
అందరూ నా వైపు చూశారు.
నా సైగల భాష రెండో తరగతి పిల్లది,
తప్పులకు వాళ్లు నవ్వి, నా వేళ్లు సర్ది, ముందుకు సాగమంటారు.
వీడియో పెట్టాను.
సౌండు పెట్టడం మరిచిపోయాను.
ఎవరూ గమనించలేదు,
నాలుగు నిమిషాల దాకా నేను కూడా.

ఆ తొమ్మిది సెకన్ల దగ్గర వినిఫ్రెడ్ ఆపమంది.
నా కోడ్ మీద వేలు పెట్టింది.
అర్థమైందా? ఎవరికి?
నిదానంగా, నా కోసం ఒక్కో సైగా విడదీసి చెప్పింది:
బడిలో మా చేతుల మీద మమ్మల్నే కూర్చోబెట్టేవారు.
పెదాలు చూడు, పెదాలు చూడు అనేవారు.
ఏడేళ్లప్పుడు కనిపెట్టాను,
తల ఊపితే వదిలేస్తారని.

"నీడ, అది" దగ్గర తెగిన వాక్యాన్ని
పదిహేడు రోజులు మోసిందామె,
బజారుకీ, పక్క మీదికీ, చెల్లెలి మనవరాలి పుట్టినరోజుకీ.
పాత మచ్చే, భయం లేదని
చివరికి ఉత్తరం వచ్చింది.
ఆ మాట ఆయన ఆ రోజే చెప్పాడు.
మొదటి వరుసలో ఉంది, స్పష్టంగా,
నేనే టైపు చేశాను.

సోమవారం ఆ కోడ్ తీసేస్తానంటే
మా ప్రొఫెసరు కళ్లజోడు తుడుచుకుంటూ అడిగాడు:
మరి మిగతా తలూపులు?
రెండు వందల పన్నెండు.
అన్నిటికీ ఒకటే మాట రాసి ఉన్నాం.
దాని మీద ఒక గ్రాఫు కూడా గీశాం,
నీలం రంగులో, పైకి పోతూ.

మధ్యాహ్నం నాలుగో వరుసకి
పేరు బదులు ప్రశ్నార్థకం పెట్టాను.
మొదటి వీడియో మళ్లీ తెరిచాను.
సౌండు తీసేశాను.