సీసా మూత

జోడుగుళ్ళపాలెం రాళ్ళ దగ్గర
సముద్రం వెనక్కి తగ్గిన గంటన్నరలో
ఒక పీత కనిపించింది,
వీపు మీద నీలం రంగు సోడా మూత.

పుస్తకాల్లో దీని పేరు సన్యాసి పీత.
ఎవరు పెట్టారో గానీ,
పుట్టిన దగ్గర్నుంచీ ఇల్లు వెతుక్కునేవాడు
సన్యాసి ఎలా అవుతాడు?
మా కోట వీధిలో అయితే
అద్దెకున్నవాడు అంటారు.

ఎనిమిదో తరగతికి అనుకూలనం చెప్తాను.
ఒంటె మూపురం, బాతు వేళ్ళ మధ్య చర్మం,
రెండు మార్కులు.
ఇంటికొచ్చి కిటికీ ఊచ తుడిస్తే
పొద్దున్న ఉతికిన గుడ్డ మళ్ళీ నలుపు.
రేవులో బొగ్గు దించుతున్నారన్నమాట.
గోడ మీది బల్లి
పోయినేడాది కన్నా నల్లబడినట్టుంది.
నోటు పుస్తకంలో రాసుకుని
పక్కన పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టాను.
బల్లే మారిందో,
నా కళ్ళజోడు మీద పొడి పడిందో.

హుద్‌హుద్ పోయిన మర్నాడు
ఊళ్ళో ఆకన్నది లేదు.
కైలాసగిరికి ఎవరో గుండు గీసినట్టు.
ఒక గద్ద మూడు రోజులు తిరిగి తిరిగి
మద్దిలపాలెంలో సెల్ టవర్ మీద వాలింది.
తర్వాత చెట్లు పెరిగాయి.
గద్ద దిగలేదు.
కరెంటు తీగ ముక్కలతో గూడు కట్టింది.
దాని పిల్లలకి చెట్టంటే
ఎక్కడో కింద కదిలే పచ్చటి మరక.

"ఏటి పంతులమ్మా, పీతల్తో కబుర్లా?"
చోడిపల్లి కాసులమ్మ.
నెత్తిన గంప లేదు,
స్కూటీ వెనక థర్మోకోల్ పెట్టె, తాడుతో మూడు చుట్లు.
ఒకప్పుడు కవ్వళ్ళు
ఒడ్డు కనిపించేంత దూరంలోనే పడేవట.
"సేప నోతుకెల్లిపోనాది,
మా మావ గుజరాతెల్లిపోనాడు,
నాను స్కూటీ నేర్సుకున్నాను."
అలవాటైపోయిందా, అన్నాను.
పాఠం చెప్పే గొంతుతోనే అన్నాననుకుంటా.
"అలవాటేటి?"
చీర కాస్త పైకెత్తి మోకాలు చూపించింది.
చెక్కుకుపోయి మానిన చోట
చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది.

ఆమె వెళ్ళాక సంచీలోంచి నత్తగుల్ల తీశాను.
బీచ్ రోడ్డు కొట్లో పదిహేను రూపాయలు.
పీత పక్కన పెట్టి, ఎండలో కూర్చున్నాను.
అది మీసాలతో తడిమింది.
లోపల చెయ్యి పెట్టి చూసింది, నీళ్ళొస్తాయా
అని కొళాయి తిప్పి చూసే మనిషిలా.
వెళ్ళిపోయింది.
మళ్ళీ వచ్చింది.
నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి.

అప్పుడు మూతలోంచి బయటికొచ్చింది.
ఎంత మెత్తగా ఉందో ఆ ఒళ్ళు!
వంకర తిరిగి, పాలిపోయి,
ఉడికించి ఒలిచిన రొయ్యలా,
ఏ కాకి చూసినా అయిపోయేంత.
అర క్షణం.
బతికి బట్టకట్టడం అంటాం కదా,
ఆ బట్ట లేని అర క్షణం.
పదమూడేళ్ళుగా పాఠం చెప్తున్నాను,
ముందూ వెనకా రెండు బొమ్మలు గీస్తాను బోర్డు మీద.
మధ్యలో బాణం గుర్తు.
ఇది ఆ బాణం లోపల ఉంది.

పీత గుల్లలోకి జారుకుంది.
నీలం మూత బోర్లా పడింది.
తీసి సంచీలో వేద్దామని చెయ్యి చాపాను,
బీచ్ శుభ్రంగా ఉంచాలని మా బడి గోడ మీద
నేనే రాయించాను కూడా.

రాతి సందులోంచి మరొకటి వచ్చింది,
వేలి గోరంత,
పగిలిన గుల్లలోంచి సగం ఒళ్ళు బయటే వేలాడుతూ.
మూత అంచు పట్టుకుని ఆగింది.
నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

సముద్రం తిరిగొస్తోంది.
చెప్పులు ఒకటి దొరికింది,
రెండోది అప్పటికే తేలుతోంది.