ఉత్తుత్తి తుపాను

సికాకోలు నుంచి రుసికేసు బాబొచ్చి
బోర్డుమీద సుద్దముక్కతో రాసేడు:
'వెతికి తెచ్చే దళం. బలమైన యువకులు, పదిమంది.'
ఎవులూ మాటాడనేదు.
సివరకి గనగల్ల బుడ్డెమ్మే నోరిప్పింది:
"బాబూ, మా ఊరి బలమంతా వీరావల్లో ఉన్నాది.
ఆగస్టులో రైలెక్కితే మల్లీ ఏసవికే దిగుతాది.
తుపానులేమో ఆ నడిమిట్లోనే గదా వొస్తాయి."

సుద్దముక్క గాల్లోనే ఆగిపోనాది.
యువకులన్న మాట అరసేత్తో తుడిసీసి
ఆ తెల్లటి మరకమీదే మా పేర్లు రాసుకున్నాడు.
దానమ్మ, బుడ్డెమ్మ, కామాక్షి, నాను.

మూడ్రోజులు నేర్సుకున్నాం.
రెండు తెడ్లు, రెండు సొక్కాలు.
సొక్కా సేతుల్లోంచి తెడ్లు దూరిస్తే
మనిసిని మోసే మంచం అయిపోద్ది.
సొక్కాలు మా మగోలవే,
పెట్లోంచి తీస్తే కలరా ఉండల వాసన.

కాల్లూ సేతులూ నేని రబ్బరు మనిసిని
మా మజ్జిలో పడుకోబెట్టేడు బాబు.
గుండెమీద ముప్పైసార్లు నొక్కాల,
బేగి నొక్కాల, గట్టిగా నొక్కాల.
"ఈడికీ కాల్లుంటే
వీరావలెల్లిపోయేవోడే" అనీసింది కామాక్షి.
నవ్వి నవ్వి నెక్క తప్పిపోనాం.
మల్లీ ఒకటి నుంచి.

నాలుగోనాడు నిజంలాగే సేసేరు.
సెయ్యితో తిప్పే సైరను,
ఏడో తరగతి గుంటొకతి తిప్పింది.
మొదట మూలిగింది, తరవాత గోలెట్టింది.
మేకలు ముందు, మనుసులెనక,
తుపాను బిల్డింగు కాడికి పరిగెడితే
గొల్లేనికి తాలం.
తాలంసెవి టెక్కలి సంతకెల్లినోడి జోబులో ఉన్నాది.
కిటికీలోంచి తొంగి సూత్తే
లోపల జీడిపిక్కల బస్తాలు,
మాకన్నా ముందొచ్చి సేరిన బాధితుల్లాగ
ఒకదాన్నొకటి ఆనుకొని.

రుసికేసు బాబు గడియారం సూసుకుంటన్నాడు.
నూట ఎనభైమందిమి ఎండలో నిలబడి
రాని వానకి తడిసిపోతన్నాం.

అప్పుడే ఫోను. మా ఆయినే.
సైరను ఆడికీ ఇనబడిపోనాది.
"ఏటే అది? ఏటే? గుంటలేరీ?"
దేశానికా సివర బోటుమీద నిలబడి
ఊపిరాడక అరుస్తన్నాడు.
"ఉత్తుత్తిదే" అన్నాను.
"తిత్లీనాడూ ఉత్త గాలేనన్నావు."

అన్నాను.
రేకులెగిరిపోయి, గుంటల్ని మంచం కిందకి తోసి,
జీడిసెట్లు ఇరిగే సప్పుడు ఫోన్లోకి పోకుండా
కొంగు కప్పి అన్నాను.

జనాన్ని నెక్కెడితే ఒకడు తక్కువొచ్చింది.
బారికి అసిరయ్య తాత. సెవులినబడవు.
సైరను ఊరందరికీ మోగింది గానీ
ఆడికి మోగనేదు.
తెడ్లట్టుకొని పరిగెట్టేం.
అరుగుమీద కూకొని వలకి పోగులేసుకుంటన్నాడు.
మమ్మల్నీ, ఆ మంచాన్నీ సూసి
"ఎవులే సచ్చిపోనారు?" అన్నాడు.
ఎక్కనంటే ఎక్కనన్నాడు.
ఎత్తీసేం.
దారంతా మా ఏడుతరాల్నీ తిట్టేడు.
ఆ రోజు మొత్తంలో ఉత్తుత్తిది కానిది
ఆ బరువొక్కటే.

తరవాత రాసుకున్నాం:
తాతకాడికి సైరను కాదు, మనిసెల్లాల.
ఆ మనిసి బుడ్డెమ్మ మనవరాలు.

సాయంత్రం తాలంసెవికి నకల్లు కొట్టించేరు.
ఒకటి పంచాయతీకి, ఒకటి బడికి, ఒకటి నాకు.
కొంగున కడితే జారిపోద్దని
పుస్తెలతాడుకే ఎక్కించీసేను.
తానం సేసినప్పుడల్లా తడిసి
గుండెమీద సన్నంగా తుప్పు గీత దిగుతన్నాది.
సబ్బుకి పోదు.
ఏసవికొచ్చినప్పుడు ఏటే ఇదని అడుగుతాడు.
ఊరని సెప్పాలేమో.

బస్తాలింకా తియ్యనేదు.
రేపొద్దున్న ఎల్లి
ఆ మాట అడగాల.