వాలుగా, గొలుసు మీద

పీణ్య రెండో ఫేజులో నా షెడ్డుకి
గేట్లడిగేవాళ్ళొస్తారు, గ్రిల్లులడిగేవాళ్ళొస్తారు,
ఒకసారి ఛత్రంవాళ్ళు ఇడ్లీ పాత్రకి స్టాండడిగారు.
తుపాకీ దెబ్బలు తినడానికి ఏదైనా చేసివ్వమన్నది మాత్రం
చౌడేశ్వరి ఒక్కతే.

లైసెన్సు కాగితాలు ప్లాస్టిక్ కవర్లో తెచ్చి
నేనడక్కముందే బల్లమీద పరిచింది.
ట్వెంటీటూ రైఫిలు. పోటీలకి మూడు నెలలు.
మాగడి దాటాక నాన్నకి రెండెకరాల బీడుంది,
స్టేషన్లో రాసిచ్చి పర్మిషన్ తెచ్చుకున్నామంది.

ఇన్నాళ్ళూ దేన్ని కొట్టేదానివమ్మా?
"సీసాలు."
చెప్పి, ఎడమ కనుబొమ్మ తడుముకుంది.
అక్కడ బియ్యపుగింజంత చోట వెంట్రుకలు మొలవలేదు.
దొరకని పెంకులు ఇంకా గడ్డిలో ఉన్నాయట,
ఒకటి ఆవు గిట్టలో దొరికింది.
తర్వాత బండరాయికి సున్నం బొట్టు పెట్టి కొట్టింది.
గుండుని ఎటు తిప్పి పంపుతుందో
ఆ రాయికే తెలీదు.
సీసా వద్దు, రాయి వద్దు,
ఇక సీసం ఎక్కడ ఆగాలి అన్నా, అంది.

మామూలు రేకు గుంటపడుతుంది.
గుంటపడ్డ రేకు దోసిలిపట్టిన చెయ్యి లాంటిది,
వచ్చినదాన్ని పట్టి
వచ్చిన దారినే విసురుతుంది.
క్వారీ టిప్పర్ల తొట్టికి అడుగున పరుస్తారే,
ఏళ్ళ తరబడి కంకర జారినా అరగని రేకు,
దాని ముక్కొకటి మూల పడుంది నా దగ్గర.
పది మిల్లీలు మందం. చపాతీ పీటంత వస్తుంది.

ఇమ్తియాజ్ గ్యాస్ కటర్ అందుకున్నాడు.
ఒద్దురా, మంట సోకితే దాని పట్టు పోతుంది.
నీళ్ళు పోస్తూ, సన్న బ్లేడుతో,
మధ్యాహ్నమంతా ఆ ఒక్క గుండ్రం కోశాం.
ముందువైపు బోల్టు తల పొడుచుకు రాకూడదు,
వెల్డింగు అసలే కూడదు.
ముప్పయ్యేళ్ళలో
నేను అతకని వస్తువు అదొక్కటే.

ఆదివారం మోపెడ్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తీసుకెళ్ళాను.
హవల్దారుగా దిగిన రోణప్పగారు
గట్టుమీద కుర్చీలో ఉన్నాడు.
నీలగిరి చెట్లవైపు వద్దని వేలు చూపించాడు,
వెనక పాలబండి దారి, కనపడదు కానీ ఉంది.
కుంటవైపు వద్దు, నీళ్ళు కూడా గుండుని ఎగరేస్తాయి.
జేసీబీతో పోయించిన ఎర్రమన్ను కట్ట ముందరే కట్టండన్నాడు.
రెండు నిలువుల ఎత్తు కట్ట,
ముఖం వరకూ జల్లెడపట్టి రాళ్ళేరినది.
"మన్ను పుచ్చుకుంటుంది. తిరిగివ్వదు."

రేకు తల ముందుకి వంచి వేలాడదీశాం,
తగిలింది తగిలినట్టు నేలకి చిందేలా.
తెల్ల డిస్టెంపర్ పూశాం.
యాభై మీటర్లు పెద్దాయనే అడుగులేసి కొలిచాడు,
ఎర్రజెండా దింపాడు,
మళ్ళీ కుర్చీలో కూచున్నాడు.

ఠంగ్.

నాది సుత్తి పట్టినవాడి చెవి.
మోత బాగుందో లేదో దానికి తెలుసు.
బాగుంది. బాగుంది కదా అని
రోణప్పగారి వైపు తిరిగాను.
ఆయన మొహంలో ఏమీ లేదు.

చౌడేశ్వరి చెవిమూతలు తీసి చెప్పింది:
ఇరవై రెండేళ్ళ ఫైరింగు అన్నా,
చెవులు రెండూ అక్కడే వదిలొచ్చాడు.

రైఫిలు ఖాళీ చేయించి, జెండా ఎత్తించి,
యాభై మీటర్లు నడిచెళ్ళి
గొలుసుని నాలుగు లింకులు వదులు చేశాను.

ఈసారి దెబ్బకి రేకు వెనక్కి పోయింది,
ముందుకొచ్చింది,
మళ్ళీ పోయింది.
తెలుపు మీద బూడిదరంగు చుక్క.
పెద్దాయన కుర్చీ అంచుకి జరిగాడు.
"కుడికి లాగుతున్నావే!" అన్నాడు,
పక్క చేలో కొంగలు లేచేంత గట్టిగా.
"ఊపిరి బిగబట్టకు!"

గొలుసు డబ్బులు నేను తీసుకోలేదు.

మొన్న ఫోను చేసింది.
మన్ను జల్లించి సీసం ఏరిందట, డబ్బాడు,
నీకేమైనా పనికొస్తుందా అన్నా?
రాదన్నాను. చేతులు కడుక్కోమన్నాను.
రేకెలా ఉందని అడిగాను.
రంగే పోతోంది, అంది,
వారానికోసారి నాన్నే పూస్తున్నాడు.